మల్లుడు జూడోలో నెగ్గగలడా?

గోదాలో ఆరితేరిన మల్లుడు జూడో పోటీలలో నెగ్గగలడా యని మా యూరి కుఱ్ఱవాండ్రు నన్నడుగుచుందురు. నేను పుస్తకము పట్టినవాడనే గాని పట్టు పట్టినవాడను గాను. అయినను ఈ ప్రశ్నకు చరిత్రము మంచి సమాధానమే చెప్పుచున్నది.

జపానుదేశమున కానో జిగోరో అను నాయన 1882లో టోకియో నగరమందలి యొక బౌద్ధాలయమున కోడోకాను అను శాల నెలకొల్పి జూడోవిద్యకు అంకురార్పణము గావించెను. అంతకు ముందు, జుజుత్సు నేర్చుకొను దినములలో, తనకంటె బలిష్ఠుడగు సహాధ్యాయి నొకని నెంత యత్నించినను పడవేయలేక, గ్రంథాలయమునకు బోయి పాశ్చాత్యుల కుస్తీని గూర్చి చదివెనట. అందుండి, ఎదిరిని భుజములపై కెత్తి విసరు పట్టొకటి కల్పించుకొనెను. దానికి కతాగురుమ యని పేరు, భుజచక్రమని యర్థము. ఆయన పిదప ఉపాధ్యాయవృత్తిలోనే కాలము గడపినవాడు గావున, పుస్తకమునుండి పట్టు నేర్చుట నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. జూడో పుట్టువునందే మల్లవిద్య కొంత కలిసియున్నదన్నమాట.

అయినను రెండింటికిని గల భేదము చిన్నది కాదు. మన గోదాలో లంగోటా తప్ప వేఱు బట్ట యుండదు. చెమటపట్టిన మేను జారును గనుక మల్లుడు మెడనో నడుమునో కాలినో పట్టును. జూడోలో దట్టమైన అంగీ యుండును. దాని మెడపట్టీని, చేతులను చిక్కించుకొన్నవానిదే పైచేయి. వీపు నేల నంటకుండ తలయు కాళ్లును ఆనించి విల్లువలె వంగుట మల్లునకు ప్రాణరక్షణము. జూడోలో విసరుపాటున నట్లు వంగి పడినచో వీపు తాకినట్లే లెక్కించి ఓటమి తీర్పు చెప్పుదురు. పోనీ, బోర్లపడి కాచుకొందమన్న, ఆ మెడపట్టీతోనే కంఠము బిగింతురు! ఏండ్ల తరబడి నేర్చినదే యెదురు తిరుగును. అతడు జూడోలోనికి తత్సమముగా రాజాలడు, తద్భవమై రావలయును.

అట్లు వచ్చినవారెవరన్న, కాకససు పర్వతప్రాంతమందలి జార్జియావారిని జూపుదును. అచ్చటి పల్లెలలో డోలును, సన్నాయివంటి జుర్నాయు మ్రోగుచుండగా చిదాఓబా యను కుస్తీ జరుగును. మల్లులు ముతక అంగీ తొడిగి నడికట్టు కట్టుదురు. బట్ట పట్టి పెనగుట వారికి బాల్యమునుండి యలవాటు. ఆ దేశము సోవియట్ రాజ్యములో నున్నప్పుడు సాంబో అను అంగీకుస్తీయు వారికి వచ్చెను. సాంబో మూలపురుషులలో నొకడగు వసీలి ఒషెప్కోవ్ కోడోకానులో చదివినవాడే; పాపము, 1937లో జపాను గూఢచారి యను నిందపై పట్టువడి చెరలోనే మరణించెను. జూడో ఒలింపిక్ క్రీడలలో తొలిసారి చేరిన 1964లో, టోకియోనందే, సాంబో నేర్చిన సోవియట్ మల్లులు నాలుగు కంచుపతకములు గొనిరి. వారిలో కిక్నాద్జె, చిక్విలాద్జె జార్జియావారు. 1972లో మ్యూనిక్ నగరమున షోతా చొచిష్విలియు, 1980లో మాస్కోలో షోతా ఖబరేలియు స్వర్ణమే గెలిచిరి. వీపు మీదుగా నడికట్టు పట్టి యెత్తివేయు పట్టునకు జూడోలో నేటికిని ఖబరేలి పేరే.

ఇటీవల నొక చిక్కు వచ్చినది. అంతర్జాతీయ జూడో సమాఖ్య 2010లో చేతితో నేరుగా కాలు పట్టరాదని శాసించి, 2013లో ఆ పట్టును పూర్తిగా నిషేధించెను. నిటారుగా నిలిచి విసరుకొను జూడో కుస్తీగా మాఱిపోవుచున్నదని వారి బెంగ. దానిచే కానో గారు చదివి సాధించిన భుజచక్రమే, కాలు పట్టి యెత్తు తొలిరూపమున, వారి పోటీలలో చెల్లకపోయెను! ఇది నాకంతగా రుచింపలేదు. కాలుపట్టునే నమ్ముకొన్న మల్లునకు దారి ఇఱుకైనమాట నిజము. జార్జియావారు మాత్రము వెనుదీయలేదు. 2021లో జరిగిన టోకియో క్రీడలందును, 2024లో పారిస్ క్రీడలందును లాషా బెకౌరి స్వర్ణపతకము గొనెను. కాలు విడువుమన్నారు, విడిచిరి; బట్ట వారి చేతిలోనే యున్నది.