పులికాట్ డచ్చి శ్మశానవాటిక

తమిళనాడులో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా, పులికాట్ సరస్సు ఒడ్డునున్న చిన్న ఊళ్లో 17వ శతాబ్దంలో డచ్చివారు ఏర్పరచుకున్న ఖనన స్థలం. విజయనగర పాలకుడు రెండవ వేంకటపతి రాయల అనుమతితో 1610లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకం మొదలుపెట్టింది. 1613 నాటికి జెల్డ్రియా కోట కట్టుకుంది. కోరమండల్ తీరపు నూలు బట్టలు ఇక్కడి నుంచే ఆగ్నేయాసియాకు వెళ్లేవి. వాటికి బదులుగా సుగంధ ద్రవ్యాలు దొరికేవి. కంపెనీ ఉద్యోగులూ వారి కుటుంబీకులూ ఎందరో ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

శ్మశానంలో ముందుగా చూడవలసింది ప్రవేశద్వారం. దానికి ఇరువైపులా రెండు అస్థిపంజరాల శిల్పాలున్నాయి: ఒకదాని తలపై ఇసుక గడియారం, మరొకదాని చేతిలో పుర్రె. ఆయుష్షు కరిగిపోతుందన్న ఐరోపా క్రైస్తవ భావనకు ఇంత సూటి రూపం ఈ తీరంలో అరుదు. లోపలి రాతి పలకలపై డచ్చి భాషలో శాసనాలు, వంశ చిహ్నాలు లోతుగా చెక్కి ఉన్నాయి. గుమ్మటాలున్న పెద్ద సమాధులు హోదా గలవారివి.

1690లో కంపెనీ కోరమండల్ తీర ప్రధాన కార్యాలయం ఇక్కడి నుంచి నాగపట్టణానికి తరలడంతో ఊరి ప్రాధాన్యం తగ్గింది. 1825లో పులికాట్ బ్రిటిష్‌వారి వశమైంది. కోట శిథిలమై దాదాపు కనుమరుగైనా, శ్మశానం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో నిలిచి ఉంది.