చదువరి వేగం, యంత్రం తాళం

కంటికే పరిమితమైన పుస్తకాన్ని తక్కిన ఇంద్రియాలకూ చేరువ చేయాలన్న ప్రయత్నం ఈ-పుస్తకాలకన్నా చాలా పాతది. 1940లో డొరొతీ కున్‌హార్ట్ రూపొందించిన ‘ప్యాట్ ద బన్నీ’లో కుందేలు బొమ్మ బొచ్చును పసిపిల్లలు నిమిరి చూడవచ్చు. 1960లలో త్రీఎం సంస్థ రసాయన శాస్త్రవేత్త గేల్ మాట్సన్ కృషి వల్ల పరిమళ తైలాన్ని కంటికి ఆనని గుళికల్లో బంధించి కాగితంపై పూసే పద్ధతి అందుబాటులోకి రాగా, గోటితో గీకితే వాసన వచ్చే పిల్లల పుస్తకాలు తరువాతి దశాబ్దంలో వెలువడ్డాయి. నిమిరేదీ గీకేదీ చదివేవారే గనుక, ఆ అనుభూతి ఏ క్షణాన కలగాలన్న చిక్కు ఈ పుస్తకాలకు ఎదురుకాలేదు.

యంత్రం ఆ పనిని చేతిలోకి తీసుకున్నప్పుడే చిక్కు మొదలైంది. 1960లో ‘సెంట్ ఆఫ్ మిస్టరీ’ చిత్రానికి ప్రేక్షకుల కుర్చీల వద్దకు గొట్టాల ద్వారా వాసనలు పంపారు. రీలు ఒకే వేగంతో నడిచే సినిమాలో సైతం బాల్కనీకి వాసన ఆలస్యంగా చేరిందన్న ఫిర్యాదులు తప్పలేదు. చదువుకు అటువంటి స్థిరమైన వేగం కూడా లేదు: ఒకరు వాక్యాన్ని దాటిపోతే మరొకరు దాని దగ్గరే ఆగిపోతారు. ఎలక్ట్రానిక్ పాఠ్యపుస్తకాల సంస్థ కేఫ్‌స్క్రైబ్ 2007లో పాత పుస్తకాల ముక్కవాసన వచ్చే స్టిక్కర్లను పంచింది గాని, దాన్ని ప్రయోగం అనడంకన్నా ప్రచారం అనడమే న్యాయం.

ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్నది న్యూజిలాండ్‌కు చెందిన కామెరాన్ సోదరుల బుక్‌ట్రాక్. 2011లో విడుదలైన ఈ యాప్, పాఠకుడు పేజీలు తిప్పే వేగాన్ని బట్టి అతడు ఏ పంక్తి వద్ద ఉన్నాడో అంచనా వేసి, అక్కడికి తగిన సంగీతాన్నో వర్షపు చప్పుడునో వినిపించేది. అంచున కదిలే చిన్న గుర్తు ఆ అంచనాను చూపేది. ఉరుము ఒక పంక్తి ముందే వినిపిస్తే కథ గుట్టు బయటపడుతుంది, వెనుకబడితే అభాసవుతుంది. పైగా ఆ గుర్తుతో పాటు పరుగెత్తవలసిన పాఠకుడికి ఆగి ఆలోచించే స్వేచ్ఛ కరవవుతుంది.

2014లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విద్యార్థులు ‘సెన్సరీ ఫిక్షన్’ అనే నమూనాలో అంచనాను పంక్తి నుంచి పేజీకి సడలించారు. ఏ పేజీ తెరిచి ఉందో పసిగట్టే అచ్చు పుస్తకం, కథలోని పాత్ర మనఃస్థితిని బట్టి తన అట్టలోని దీపాల రంగు మార్చేది. పాఠకుడు తొడుక్కున్న పట్టీలలోని గాలిసంచులు ఛాతీని బిగించేవి, మెడ కింద అమర్చిన పరికరం చర్మపు ఉష్ణోగ్రతను మార్చేది. అది నమూనాగానే మిగిలింది.

అదే ఏడాది మార్కెట్లోకి వచ్చిన అమెజాన్ కిండిల్ వాయేజ్ ఇంత ఆర్భాటానికి పోలేదు: అంచును నొక్కి పేజీ తిప్పినప్పుడు వేలికి చిన్న కంపనం తెలిసేది, అంతే. 2016 నాటి ఒయాసిస్‌లో దాని స్థానంలో మామూలు మీటలే అమర్చారు.