జోలపాట కట్టినవాని గురక

బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై బిలాస్‌పూరు చేరిన తెలుగు కుటుంబాలు తమ జోలపాటలను కూడా వెంట తీసికొనిపోయినవి. దయాల్‌బంద్ వంటి పేటలో, రాత్రిబండ్ల కూతల నడుమ, ఒక గదిలో తల్లి "జోజో" అని బిడ్డను నిద్రపుచ్చుతూ ఉంటే, డ్యూటీ దిగి వచ్చిన తండ్రి పక్కగదిలో గుర్రుపెట్టి నిద్రించడం వింత కాదు. గురక గాఢనిద్రకు గుర్తని మనవారి నమ్మకం. జోల, గురక రెండూ ఒకే మనిషి చరిత్రలో కలిసిన ఉదంతం ఐరోపాలో ఉన్నది. ఆయన యోహానెస్ బ్రామ్స్ (1833-1897).

హాంబర్గులో బ్రామ్స్ నడిపిన స్త్రీల గాయకబృందంలో బెర్తా ఫాబర్ ఒకప్పుడు పాడేది. ఆమె పాడి వినిపించిన ఆస్ట్రియా నాట్యగీతపు వరసను ఆయన మరువలేదు. 1868లో ఆమెకు రెండవ కుమారుడు కలిగినపుడు ఒక జోలపాట కట్టి, ఆ పాత వరసను పియానో భాగంలో దాచిపెట్టినాడు. తల్లి బిడ్డకు జోల పాడుతూ ఉంటే, అడుగున ఆమె కన్నెనాటి పాట కదలుతూ ఉంటుంది. లోకమంతటా తల్లులు పాడుకొన్న ఆ పాట వెనుక ఇంత సున్నితమైన స్నేహమున్నది.

2000లో మార్గోలిస్ అనే అమెరికా వైద్యుడు "చెస్ట్" అనే వైద్యపత్రికలో ఒక ప్రశ్న లేవనెత్తినాడు: బ్రామ్స్‌కు నిద్రలో ఊపిరి ఆగే వ్యాధి ఉండెనా? ఈ వ్యాధిలో నిద్రపట్టగానే గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకొనిపోతుంది. పది సెకండ్లకో, అంతకు మించియో ఊపిరి ఆగి, మెదడు ఉలికిపడి మేల్కొంటుంది. రాత్రి పొడుగునా ఇట్లే జరిగినా నిద్రించేవానికి తెలియదు. తెల్లవారిన తరువాత అలసట, చిరాకు మాత్రం మిగులుతవి. 1965లో ఫ్రాన్సు, జర్మనీ పరిశోధకులు వేరువేరుగా దీనిని గుర్తించేవరకు ఇది వ్యాధియని ఎవరికీ తోచలేదు.

బ్రామ్స్ నడివయస్సు నుండి స్థూలకాయుడు. ముక్కోపి యని పేరుపడినాడు. గురకకు సాక్షి గాయకమిత్రుడు జార్జ్ హెన్షెల్. 1876 నాటి కచేరీయాత్రలో ఒకే గదిలో పడుకొని, ఆ ధ్వనికి తాళలేక, అర్ధరాత్రి వేరొక గది వెతుకుకొన్నానని ఆయన స్వయంగా వ్రాసినాడు. ఇది నమ్మదగిన సాక్ష్యం.

1853లో వైమారులో లిస్ట్ తన సొనాటా వాయిస్తూ ఉండగా బ్రామ్స్ కునికినాడన్న ప్రసిద్ధ కథ అట్టిది కాదు. అప్పటికి ఆయన ఇరువదేండ్ల బక్కపలుచని యువకుడు. పైగా ఆ కథ వ్రాసిన విలియం మేసన్ కునుకును కన్నులార చూడలేదు, రెమెన్యీ చెప్పగా విన్నాడు. దీనిని కూడా రోగలక్షణాల పట్టికలో చేర్చడం అన్యాయం.

1890లో ఇక రచన చాలునని బ్రామ్స్ తలచినాడు. దానికి నిద్రలేమియే కారణమనుకొందామంటే, మరుసటి ఏడే మ్యూల్‌ఫెల్డ్ క్లారినెట్ విని మళ్లీ కలం పట్టినాడు. క్లారినెట్ వింటే తగ్గే గొంతుజబ్బు ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు.

ఈ వ్యాధిని నిర్ధారించడానికి నేటి వైద్యులు రాత్రి శ్వాసను యంత్రంతో నమోదు చేస్తారు. బ్రామ్స్ విషయంలో యంత్రం పట్టినది ఒక్కటే: 1889లో వియన్నాలో ఎడిసన్ మైనపు గొట్టంపై ఆయన వాయించిన హంగేరియన్ నృత్యం, అదియు గరగరల నడుమ.