యాత్రకు పిలుచు మాట

ఒక ఊరిని చూడ రమ్మని పిలుచునప్పుడు గోపురముల వర్ణనకంటె క్రియాపదము చివరనున్న ప్రత్యయమే ముఖ్యమని మా యభిప్రాయము. ఆ పిలుపునకు పూచీ యెవరిదో దానిని బట్టియే తెలియును.

పూర్వము యాత్రికులను పిలుచు పని స్థలమాహాత్మ్యములది. వాని ఫలశ్రుతులు "స్నానమాడిన వారికి పుణ్యము కలుగును" అను తీరున నుండును. 1858లో బాలవ్యాకరణమును వెలువరించిన పరవస్తు చిన్నయసూరి యిట్టి క్రియను తద్ధర్మార్థకమనెను. సూర్యుడు తూర్పున నుదయించును అనుటకు వాడు క్రియయే యిది. నిన్నటిది కాదు, రేపటిదియు కాదు, ఎల్లప్పుడు జరుగునది. కనుక పుణ్యము ఎవరికి, ఎప్పుడు కలిగెనని యడుగుటకు వీలు లేదు. అడిగినవారును లేరనుకొనుడు!

ఏనుగుల వీరాస్వామి త్రోవ వేరు. చెన్నపట్టణము సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన యీయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. దారిలో వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపిన వివరములు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయినవి. బాటల మంచిచెడ్డలు, బసలు, అంగళ్లు, నీటి వసతి — వీని కథనమంతయు "చేరినాను", "దిగినాను" వంటి ఉత్తమపురుష క్రియలతో నడచును. యాత్రికులను పిలువవలెనని ఆయన వ్రాయలేదు. అయినను తరువాత పోవువారు నమ్మదగిన మాట యది. తప్పయినచో నిలదీయుటకు ఒక మనుష్యుడున్నాడు.

నేటి ప్రకటనలలో ఆ "నేను" కనబడడు. "తప్పక చూడవలసిన ప్రదేశము" అన్నచో చూడవలసినవారము మనమే; అట్లు నిర్ణయించిన దెవరో తెలియదు. "వసతులు కల్పింపబడినవి" అన్నచో కర్తయే లేడు. ఈ కర్మణి ప్రయోగము తెలుగు నాలుకకు పొసగదని పెద్దలందురు. కరపత్రములకు మాత్రము చక్కగా పొసగినది.

తెలుగునకు ఆంగ్లములో లేని సదుపాయ మొకటి కలదు. "మా కోటను చూడ రండు" అన్నచో పిలుచువాడు గృహస్థు, వచ్చువాడు అతిథి. "మన కోట" అన్నచో అతిథికిని అందు భాగము దక్కును. గోడలపై పేర్లు చెక్కువారు ఈ భేదమును గమనించినట్లు లేదు.

మాకు మిక్కిలి పట్టింపైనది నాగార్జునకొండ సంగతి. అది యిక్ష్వాకుల రాజధాని విజయపురి యుండిన లోయ. సాగరపు ఆనకట్ట వలన మునుగనున్నదని 1954 నుండి 1960 వరకు అచట త్రవ్వకములు జరిపి, ఎన్నిక చేసిన కట్టడములను కొండపైకిని, ఒడ్డుననున్న అనుపునకును చేర్చి తిరిగి నిర్మించిరి. ఆ కొండయే నేడు ద్వీపము. ఇప్పుడు "అనుపులో ఇక్ష్వాకుల మెట్ల రంగస్థలము కలదు" అని వ్రాయవచ్చును. "అనుపునకు తరలించి తిరిగి కట్టిన ఇక్ష్వాకుల మెట్ల రంగస్థలము కలదు" అనియు వ్రాయవచ్చును. మొదటిది పొట్టిది, కరపత్రములో చక్కగా నిముడును. కాని "తరలించి" అను క్త్వార్థకము, "కట్టిన" అను ధాతుజవిశేషణము జారిపోగానే మునిగిన లోయయు, రాళ్లను మోసి తిరిగి పేర్చినవారి శ్రమయు జారిపోవును. ప్రాచీనులు కూర్చున్న చోటనే తాను కూర్చుంటినని యాత్రికుడు భ్రమపడును. ఆ రెండు మాటలు నిలిచియున్నచో, ఆ మెట్లపై కూర్చున్నవాడు ఒకసారి జలాశయము వంకకు గూడ తిరిగి చూచును.