కనకాభిషేకం తర్వాత పల్నాడు

పల్నాడు మీద శ్రీనాథుడి పేరుతో తిరిగే చాటువులు మనకి సరదా. రసికుడు అడుగుపెట్టే సీమ కాదనీ, అక్కడ మన్మథుడికైనా జొన్నకూడే గతి అనీ వెక్కిరింపు. నాకు మాత్రం వాటిలో పెద్ద ఆస్థానాలకు అలవాటుపడిన మనిషి చిరాకు వినిపిస్తుంది.

కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారి. విజయనగరంలో డిండిమభట్టుని ఓడించి, ప్రౌఢదేవరాయల చేత కనకాభిషేకం చేయించుకున్నాడని ప్రతీతి. 15వ శతాబ్దంలో తెలుగు కవికి అంతకు మించిన పేరేముంటుంది? కానీ ఆ పేరు రాజుల చేతిలోది. కొండవీటి రాజ్యం పోయాక ఆదరించే చెయ్యి కోసం తిరుగుడే. చివరి రోజులవని చెప్పే పద్యాల్లో కౌలు బాకీ, శిక్ష, ఆకలి. ఇవాళ గ్యాలరీ వదిలేసిన చిత్రకారుడికి ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు.

‘పల్నాటి వీరచరిత్ర’ అతనిదేనా అని సందేహించిన పండితులున్నారు. సంప్రదాయాన్ని నమ్మితే, శృంగారనైషధం రాసిన చెయ్యే ద్విపదలోకి దిగింది. దిగింది అన్నాను గానీ, అది పతనమని నేననుకోను. 12వ శతాబ్దపు దాయాదుల పోరు అది. అందులో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. మాల కన్నమదాసు సేనాని. జొన్నకూడుని ఎగతాళి చేసిన కవి చేతికి చాపకూడు కథ రావడం భలే ఉంది!

ఎవరి నుంచి వచ్చి ఉంటుంది? పాడేవాళ్ల నుంచే అనుకుంటాను. కారంపూడిలో, నాగులేటి ఒడ్డున వీరుల గుడి దగ్గర కార్తీకంలో ఉత్సవాలు జరుగుతాయి. కథ పాడే వీరవిద్యావంతులు దళితులు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం కావ్యాన్ని అచ్చువేశాక లోకానికి తెలిసింది శ్రీనాథుడి పేరే. పాడేవాళ్లు ‘జానపదులు’గా మిగిలారు. చాప మీద అందరికీ చోటున్న కథకి, పుస్తకం అట్ట మీద మాత్రం ఒక్కరికే చోటు.

1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి జీన్ రోఘైర్ ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అది ఆలిశెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన కథ. పాడిన మనిషి ఊరూ పేరూ లేకుండా పోలేదు, అందుకు సంతోషమే. ఆ పేరు ముందు ఇంగ్లీషులో వెలగాల్సి రావడమే కష్టంగా ఉంది.

శ్రీనాథుడిదిగా మనకి దొరికిన భాగం ప్రధానంగా బాలచంద్రుడి యుద్ధం. దానికి ముందు ఏం జరిగిందో వినాలంటే నేనైతే గాలెయ్య దగ్గరికే పోతాను.