మొదటి జీతం దాకా

నా నివాసం బర్కత్‌పురలో. పదవీ విరమణ తరువాత ఉదయం నడకకు బయలుదేరి, చమన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, భవిష్యనిధి కార్యాలయం మీదుగా ఇల్లు చేరడం అలవాటయింది. బడిలో సమాసాలు చెప్పి చెప్పి, వీధిలో కనిపించే బోర్డును కూడా విగ్రహవాక్యం చెప్పుకోకుండా చదవలేని జబ్బు ఒకటి పట్టుకుంది. భవిష్యత్తు కొరకు నిధి, భవిష్యనిధి. చతుర్థీ తత్పురుషం.

ఆ కార్యాలయం అమలుచేసే 1995 నాటి పింఛను పథకంలో అనాథ పింఛను అని ఒకటి ఉంది. చందాదారూ, ఆయన జీవిత భాగస్వామీ ఇద్దరూ లేకపోతే వారి పిల్లలకు, ఒకసారికి ఇద్దరికి చొప్పున, 25 ఏళ్ళు వచ్చేదాకా నెలనెలా అందుతుంది. 2014లో దాని కనీస మొత్తాన్ని 750 రూపాయలుగా నిర్ణయించారు. చిన్న మొత్తమే. నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఆ 25 అనే అంకె. తండ్రికి ఉద్యోగం ఉండి ఉంటే అనాథకు ఆసరా 25 దాకా సాగుతుంది. ఆశ్రమంలో పెరిగిన బిడ్డకు మామూలుగా 18 నిండిన నాడే ముగుస్తుంది. ఆ నాటి నుంచి తన కాళ్ళమీద తాను నిలబడేదాకా ఆ బిడ్డకు దిక్కెవరు? ఈ ప్రశ్నకు చరిత్ర ఏమేం సమాధానాలు చెప్పిందో నాకు తెలిసినంతవరకు చెప్పాలని ఈ టపా.

అనాథ శబ్దాన్ని మనం తల్లిదండ్రులు లేనివారికే వాడుతున్నాము గాని, నాథుడంటే దిక్కు. దిక్కు లేనివాడే అనాథ. శ్రావస్తి వర్తకుడు సుదత్తుడు దిక్కులేనివారికి అన్నం పెట్టి, అనాథపిండకుడనే పేరుతో బౌద్ధ వాఙ్మయంలో నిలిచిపోయాడు. పిండమంటే ముద్ద. మన దానధర్మాల చరిత్ర చాలావరకు ఆ ముద్ద చుట్టూనే తిరిగింది. అర్థశాస్త్రం మరొక అడుగు వేసింది. బాలులను, వృద్ధులను, రోగులను, అనాథలను రాజు పోషించాలని చెబుతూ, ఆ ప్రకరణంలోనే, బాలుడి ద్రవ్యాన్ని అతనికి వ్యవహారప్రాప్తి కలిగేదాకా గ్రామవృద్ధులు వృద్ధి చేయాలని చెప్పింది. కాపాడితే చాలదు, పెంచాలి. వ్యవహారప్రాప్తి అంటే ఈనాటి భాషలో మైనారిటీ తీరడం. అర్థశాస్త్రం లెక్కలో అది పురుషుడికి 16, స్త్రీకి 12 ఏళ్ళు. వయసు వచ్చిననాడు చేతిలో కాస్త మూలధనం ఉండాలన్న ఎరుక అందులో కనిపిస్తుంది.

మరి అసలు ద్రవ్యమే లేని బాలుడి సంగతి? అతనికి లోకం చూపిన దారి శిష్యరికం. వడ్రంగి దగ్గరో, కమ్మరి దగ్గరో చేరినవాడు గురువింటనే తిని, ఆ పంచనే పడుకునేవాడు. చదువుకునే పేదపిల్లవాడు ఏడు ఇళ్ళలో వారాలు చేసుకుని గట్టెక్కేవాడు. ఇదంతా కులం గీసిన గీతల లోపలే జరిగింది. ఆ గీత అవతలివారికి ఈ పంచా దక్కలేదు, ఈ వారాలూ దక్కలేదు. ఆ మాట దాచి పాతకాలాన్ని పొగడడం న్యాయం కాదు. అయితే ఆ ఏర్పాటులో గమనించదగిన గుణం ఒకటి ఉంది. జీతం లేకపోయినా మొదటి రోజునుంచే అన్నం ఉండేది.

1850లో కంపెనీ ప్రభుత్వం శిష్యరికాల చట్టం తెచ్చింది. పిల్లలు, ముఖ్యంగా ధర్మసంస్థల్లో పెరిగిన అనాథలు, పేదబిడ్డలు పెద్దయ్యాక జీవనోపాధి పొందేలా వృత్తులు నేర్చుకోవడానికి వీలు కల్పించడమే తన ఉద్దేశమని ఆ చట్టం పీఠికలోనే చెప్పుకుంది. 10 నుంచి 18 ఏళ్ళ లోపు పిల్లలను ఏడేళ్ళకు మించకుండా ఒప్పందం మీద చేర్చవచ్చు. అంటే ఆశ్రమం విడిచే బిడ్డ ఉపాధి గురించి మన దేశంలో చట్టం ఆలోచించి 170 ఏళ్ళు దాటిందన్నమాట. అది బ్రిటిషు ఇండియా చట్టం, నిజాం రాజ్యానిది కాదు. ఇక్కడ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1901లో మరణించిన విక్టోరియా రాణి స్మారకంగా, సరూర్‌నగర్ భవనం అనాథాశ్రమమయింది. ఎల్.బి.నగర్ వైపు వెళ్ళే మెట్రోలో విక్టోరియా మెమోరియల్ అని వినిపించే స్టేషను పేరు దానిదే.

ఇంతలో పని స్వభావమే మారిపోయింది. గురువిల్లు పోయి కర్మాగారం వచ్చింది. అన్నం పోయి జీతం వచ్చింది. జీతాలు ఆలస్యం చేసే యజమానులను అదుపు చేయడానికి 1936లో వేతన చెల్లింపు చట్టం వచ్చింది. మామూలు సంస్థలు నెల జీతాన్ని మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలని అది శాసించింది. శ్రామికుడికి మేలుచేసిన చట్టమది. 2019 నాటి వేతనాల సంహితలోనూ ఆ ఏడు రోజుల గడువే నిలిచింది. కాని లెక్క వేసి చూడండి. ఒకటో తేదీన పనిలో చేరినవాడికి మొదటి జీతం చేతికందడానికి 37 రోజులు పట్టవచ్చు. ఇల్లున్నవాడు ఆ 37 రోజులూ తల్లి చేతి అన్నం తింటాడు. ఆశ్రమం నుంచి వచ్చినవాడు ఏం తింటాడు?

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చినవారిలో మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయమ్మ ఒకరు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమె తొలి అధ్యక్షురాలు. మరుసటి ఏడే ఆ మండలి ఆచార్య ఎం.ఎస్. గోరే అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. సంస్థల్లో ఉండి బయటికి వచ్చేవారి అనంతర సంరక్షణ ఎలా ఉండాలో చెప్పడం దాని పని. ఆ తరువాత పంచవర్ష ప్రణాళికలో రాష్ట్రాలలో అనంతర సంరక్షణ గృహాలు వెలిశాయి. 1958లో మొదలైన సంక్షిప్త విద్యాకోర్సులు కూడా ఆమె చలవే. చదువు మధ్యలో ఆగిన స్త్రీలను రెండేళ్ళలో పరీక్షకు సిద్ధం చేసి, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా, గ్రామసేవికలుగా నిలబెట్టాలన్నది సంకల్పం. మా ఇంటి నుంచి నల్లకుంట దాటితే విద్యానగర్‌లో ఆమె పేరిట ఆసుపత్రి, ఆంధ్ర మహిళా సభ కనిపిస్తాయి. అటు వెళ్ళినప్పుడల్లా నాకు ఒక పిల్లవాడు గుర్తుకు వస్తాడు.

అతడు నగరంలోని ఒక ఆశ్రమంలో పెరిగి నా దగ్గర పదవ తరగతి దాకా తెలుగు చదివాడు. 1986 నాటి చట్టంలో మగపిల్లవాడి బాల్యం 16తో ముగిసేది. ఆశ్రమం వదిలి, ఐ.టి.ఐ. వసతిగృహంలో ఉండి ఫిట్టరు పని నేర్చాడు. 1998లో బాలానగర్ వైపు ఒక కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. జీతం కోసం బ్యాంకు ఖాతా తెరవాలి. అప్పట్లో ఖాతా తెరవాలంటే పాత ఖాతాదారు ఒకరు పరిచయకర్తగా సంతకం చేయాలి. పిల్లవాడు సంకోచిస్తూ నా దగ్గరకు వచ్చాడు. సంతకం చేశాను. ఆశీర్వదించాను. చేతిలో యాభై రూపాయలు పెట్టి, గొప్ప పని చేశాననుకున్నాను. ఎక్కడ ఉంటావు, ఏం తింటావు అని మాత్రం అడగలేదు.

మూడేళ్ళ తరువాత చిక్కడపల్లి గ్రంథాలయం ఎదుట కనిపించాడు. ఒక మెస్సులో వడ్డన చేస్తున్నానన్నాడు. ఉద్యోగమేమయిందంటే, గదికి అడ్వాన్సు లేక స్నేహితుడి దగ్గర వారం రోజులు తలదాచుకున్నాడట. రెండవ వారంలో బస్సు పాసుకు డబ్బులు చాలలేదు. నాలుగు రోజులు నడిచి వెళ్ళి, ఆలస్యమయి, మాటలు పడి, పదమూడవ రోజున మానేశాడు. “పని రాక కాదు సార్, జీతం వచ్చేదాకా ఆగలేకపోయాను” అన్నాడు. నన్నెందుకు అడగలేదురా అంటే, “మీరు అప్పటికే సంతకం పెట్టారు కదా సార్, మళ్ళీ ఎలా అడగను?” అన్నాడు. నేను పాతికేళ్ళుగా మోస్తున్న వాక్యమది.

చట్టాలు ఊరుకోలేదు. 2000 నాటి బాలల న్యాయ చట్టం మగపిల్లలకు కూడా 18 ఏళ్ళ బాల్యాన్ని ఇచ్చి, ఆపైన మూడేళ్ళ అనంతర సంరక్షణను ప్రస్తావించింది. 2015 చట్టంలోని 46వ సెక్షను, సంస్థ విడిచే బిడ్డకు ఆర్థిక సహాయం “ఇవ్వవచ్చు” అంటుంది. ఇక్కడ తెలుగు పండితుడు ఆగక తప్పదు. వచ్చు అనేది అనుమతి. వలెను అనేది విధి. సహాయం ఇవ్వవచ్చు అంటే ఇవ్వకపోనూవచ్చు. సరిగ్గా అదే 2000లో ఇంగ్లండు చేసిన చట్టంలో స్థానిక ప్రభుత్వాలపై పెట్టినవి విధులు. సంరక్షణ విడిచిన యువతీయువకులతో సంబంధం తెంచుకోకూడదు, ఒక్కొక్కరికి ఒక సలహాదారును ఇవ్వాలి, ముందుదారి ప్రణాళిక రాయాలి.

మన 2016 నియమాలు చదివితే కొరత ఊహలో లేదని తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే గృహాలు, శిక్షణ కాలంలో భృతి, స్వయం ఉపాధికి రుణం, అవసరమైతే 23 ఏళ్ళ దాకా ఆసరా, అన్నీ ఉన్నాయి. కేంద్ర పథకంలో నెలకు 2,000 రూపాయలుగా ఉన్న సహాయం 2022 నాటి వాత్సల్య మార్గదర్శకాల్లో 4,000 అయింది. కోవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు 2021లో ప్రకటించిన పథకమైతే, 18 నుంచి నెలవారీ భృతి, 23 నిండితే 10 లక్షలు అంటుంది. బాలుడి ద్రవ్యాన్ని పెంచి అందించడమంటే ఇదే. అది ఒక్క మహమ్మారి అనాథలకే ఎందుకు పరిమితం కావాలి?

ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2008లో, పదేళ్ళలోపు తల్లిదండ్రులను కోల్పోయి ఆశ్రమాల్లో చేరిన నిరాశ్రయ బాలలను వెనుకబడిన తరగతుల ‘ఎ’ వర్గంలో చేర్చింది. మంచి నిర్ణయం. కాని రైల్వే స్టేషనులో దొరికిన బిడ్డ, తన తల్లిదండ్రులు ఏ ఏట పోయారో ఏ కాగితంతో రుజువు చేయగలడు? హక్కు చేతికి రావడానికి ముందు కాగితం రావాలి. కాగితానికి తిరగడానికి బస్సు ఛార్జీ కావాలి. అశోక్‌నగర్ కోచింగు కేంద్రాల ముందు నిలబడ్డ అభ్యర్థుల్లో ఎక్కువమందికి ఊళ్ళో నెలనెలా డబ్బు పంపే ఇల్లొకటి ఉంటుంది. అది లేనివాడు మొదటి నెల మెస్సు బిల్లు దగ్గరే ఓడిపోతాడు.

అడ్డంకులు తొలగనివేమీ కావు. పరిచయకర్త సంతకం ఈనాడు అక్కరలేదు. 2014 నుంచి జన్‌ధన్ ఖాతాలు నిల్వ లేకుండానే తెరుస్తున్నారు. ఒక గోడ కూలింది గనుక మిగిలినవీ కూలతాయి. 46వ సెక్షనులోని వచ్చు వలెను కావాలని నా కోరిక. అది చట్టసభల పని. మన పని ఇంకా చిన్నది. ఆశ్రమం విడిచిన బిడ్డ ఎవరైనా ఉద్యోగం వచ్చిందని మిఠాయి తెస్తే, ఆశీర్వదించే ముందు రెండు ప్రశ్నలు అడగండి. మొదటి జీతం ఏ తేదీన? అంతదాకా భోజనం ఎక్కడ?

ఆ రెండు ప్రశ్నలూ నేను 1998లో అడిగి ఉండవలసింది.