చాదర్‌ఘాట్ వంతెన: మన తొలి గుమ్మం

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వంతెన మీద వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. కమిటీ వారు అడిగారు, నేనూ సరేనన్నాను. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా సరూర్‌నగర్‌కు దారి తెరిచింది మూసీ మీది ఆ వంతెనే కదా!

మద్రాస్ ఇంజినీర్ల దళానికి చెందిన కల్నల్ ఒలిఫెంట్ 1831లో దాన్ని కట్టించాడు. పాతవాళ్లు ఒలిఫెంట్ వంతెన అనేవారు. రాయి చెక్కిన మేస్త్రీల పేర్లు మాత్రం నేను చదివిన పుస్తకాల్లో కనబడలేదు. తర్వాత డెబ్బై ఏడేళ్లు బళ్లు నడిచాయి, మనుషులు నడిచారు, అంతే.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద మాట వేరు. ఎగువనున్న చెరువుల్లో రెండువందలకు పైగా ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. ఆ నీళ్లన్నీ హైదరాబాద్ ఊరి మీద పడ్డాయి. దాదాపు 15,000 మంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారు. చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతింది. 1578 నాటి పురానాపూల్ నిలిచింది. వరద కట్టడికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంజినీరు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, ఆయన సలహా మీద ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తికావడం అందరికీ తెలిసిందే.

మన సంఘానికి పునాది వేసిన మాస్టారు కోఠీలో ఉద్యోగానికి రోజూ సైకిల్ మీద ఈ వంతెన దాటేవారు. పైకి రాగానే దిగి, పిట్టగోడ పక్కనే సైకిల్ నడిపించుకుంటూ వెళ్లేవారు. ఎందుకండీ అంటే, "పెద్దదిరా, మర్యాద ఇవ్వాలి" అనేవారు. సంఘం తొలి రసీదు పుస్తకం ఆయన చేతిరాతే.

ఒక్క మాట చెప్పక తప్పదు. 2018లో మెట్రో వచ్చి మన నెత్తి మీదుగా మూసీ దాటుతోంది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వెలిసింది, అక్కడ జనం షికారుకు వెళ్తున్నారు. సంతోషమే. ఆ ఏడే అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి మన కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. గొలుసుకట్టు చెరువుల సంగతి 1908లో నేర్చుకున్నామనుకున్నాం! చాదర్‌ఘాట్ వంతెన మీద నడిచేవాడు ఇవాళ్టికీ బస్సుకూ గోడకూ నడుమ భుజం పక్కకు తిప్పుకుని పోవాల్సిందే. కాలిబాట కోసం ఇచ్చిన అర్జీకి రసీదు దక్కింది, జవాబు రాలేదు.

మళ్లీ అర్జీ పెడుతున్నాం. సభ్యులంతా ఆఫీసుకు వచ్చి సంతకాలు చేయాలని మనవి.